ముఖం మీద పడే వెలుతురు

గుంటూరు జైలు,
11 ఫిబ్రవరి 2024

ప్రియమైన షాజాదీకి,

నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క లేకపోతే మిగతాది చదవవని ముందే రాసేశాను. వారానికి ఓసారి ఫోను ఇస్తామన్నారు గానీ, వెనకాల పదిమంది నిలబడి వింటుంటే నాకు మాట రాదు. ఉత్తరమైతే జైలరుగారొక్కరే చదువుతారు. చదువుకోనీ. ఇందులో కిటికీలు తప్ప ఏమీ లేవు.

అవును, కిటికీలే. నవ్వకు. మన రెండు సెంట్ల స్థలంలో గోడలు నడుమెత్తు లేచి ఆగిపోయాయి కదా. పగలంతా వాటి గురించే ఆలోచిస్తున్నాను. కూర్చోలేను, నడవలేను, ఈ గోడ నుంచి ఆ గోడకి ముప్ఫై రెండు అడుగులు. ఇక్కడ ట్యూబులైట్లు సరిగ్గా నెత్తి మీద ఉంటాయి. ఆ వెలుగులో ఎవరి ముఖమూ ముఖంలా ఉండదు. నుదురు మెరుస్తుంది, కళ్ళుండాల్సిన చోట రెండు గుంటలు. పక్కవాడు మంచివాడో చెడ్డవాడో తెలియదు. అప్పుడు గుర్తొచ్చింది. పదిహేనేళ్ళు కరెంటు పనివాడిగా నేను జనం ఇళ్ళకి చేసింది ఇదే కదా! గది మధ్యలో ఒక హుక్కు, దానికో ట్యూబు. అమ్మా, మీరు ఎక్కడ కూర్చుంటారు, చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెడతారు అని ఒక్క ఇంట్లోనూ అడగలేదు.

మన ఇంట్లో అలా వద్దు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి ముందు మన ముఖం కనపడాలి. అంటే కిటికీ మన వీపు వెనక ఉండకూడదు, పక్కన ఉండాలి. వెనకుంటే వచ్చినవాడికి నల్లటి ఆకారం కనపడుతుంది. పక్కనుంటే నవ్వు కనపడుతుంది. మేస్త్రీకి ఈ ఒక్క మాట చెప్పు, చాలు.

ఎర్తింగ్ సంగతి తర్వాత రాస్తాను. ఆ మాట రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. రోశయ్యగారింట్లో మూడు పిన్నుల సాకెట్లు పెట్టి, ఎర్తు కలపకుండానే పని అయిపోయిందన్నాను. వచ్చేవారం వచ్చి ఎర్తు తీగ పాతే గుంట తవ్వుతానని చెప్పి మర్చిపోయాను. తడి చేత్తో గ్రైండరు పట్టుకున్న వాళ్ళావిడ వెంకటేశ్వరమ్మ పిన్ని మళ్ళీ లేవలేదు. ఒక్క మరుపు. నీకు తెలిసిందే మళ్ళీ ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

నీ
అయూబ్

*

చీరాల,
9 మార్చి

ప్రియమైన మీకు,

సలాం. మీ ఉత్తరం చదివి నిజంగానే నవ్వాను. మనిషి జైల్లో, మనసు కిటికీలో!

నేను మిరపకాయలకి తొడాలు తీసే పనికి వెళ్తున్నాను. పక్కింటి ఫర్హానా, నేనూ ఒకే ఆటోలో. సాయంత్రానికి వేళ్ళు మండిపోతాయి, ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. మొన్న పొరపాటున కన్ను నలుపుకుని అరగంట ఏడ్చాను. ఫర్హానా అంది, "పోనీలేవే, ఈ వంకనైనా ఏడ్చావు" అని.

స్థలం చూసొచ్చాను. గోడలు అలాగే ఉన్నాయి. పక్క వీధి బుడాన్ తన మేకల్ని అక్కడ కట్టేస్తున్నాడు. ఏమయ్యా అంటే, "ఖాళీగా ఉందని, వదినా" అన్నాడు.

ఇంకొక చోటికి కూడా మూడుసార్లు వెళ్ళాను, మూడోసారికి లోపలికి రమ్మన్నారు. మొదట్లో తలుపు తియ్యలేదు. ఎక్కడికి అని అడగొద్దు, చెప్పను.

ఒక సంగతి మాత్రం రాయండి. పగలే చీకటిగా ఉండే గదిలోకి కరెంటు లేకుండా వెలుతురు ఎలా తేవాలి? దీపాలొద్దు, బల్బులొద్దు. ఎండతోనే అవ్వాలి. తక్కువ పనితో అవ్వాలి. ఆలోచించి రాయండి, మీకు పనేముంది అక్కడ.

మీ
షాజాదీ

*

గుంటూరు జైలు,
24 మార్చి

ప్రియమైన షాజాదీకి,

నీ ప్రశ్న చదివి మూడు రోజులు అన్నం మీద ధ్యాస లేదు. కరెంటు లేకుండా అన్నావు. ఎందుకన్నావో నాకు తెలుసు. నా చేతి మీద నమ్మకం పోయింది కదా. సరే, అడిగావు కాబట్టి చెప్తాను.

మొదటిది వసారా. మన ఊళ్ళో మార్చి నుంచే ఎండ కళ్ళలో పొడుస్తుంది. ఆ ఎండలోంచి మనిషి సూటిగా గదిలోకొస్తే కాసేపు గుడ్డివాడే. అందుకని గుమ్మం ముందు నాలుగడుగుల నీడ ఉండాలి. తాటాకు పందిరైనా చాలు. కళ్ళు అక్కడ కుదుటపడి లోపలికొస్తే, అదే గది రెండింతలు వెలుగుగా కనపడుతుంది.

రెండోది గోడ. అన్ని గోడలకీ డబ్బు తగలెయ్యొద్దు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి తెల్ల సున్నం రెండు పూతలు వెయ్యి, చిటికెడు పసుపు రంగు కలుపు. నీలిమందు మాత్రం వద్దు, ముఖాలు జబ్బు చేసినట్టుంటాయి. ఆ గోడే నీకు దీపం.

మూడోది కిటికీ. పడమర కిటికీ మూసినా నష్టం లేదు, అటు నుంచి వచ్చేది వేడి. ఉత్తరం కిటికీ ముఖ్యం. దానికి అడ్డం ఏమున్నా తీసెయ్యి. ఉత్తరపు వెలుతురు నెమ్మదైంది, పొద్దున్నా సాయంత్రమూ ఒకేలా ఉంటుంది. చేతిపని చేసేవాళ్ళకి, కుట్టుకైనా నేతకైనా, అంతకంటే మంచిది లేదు.

పెంకుల కప్పయితే ఒక పెంకు తీసి గాజు పెంకు పెట్టుకోవచ్చు. అదీ ఉత్తరం వాలులోనే. దక్షిణం వాలులో పెడితే ఎండ సూటిగా పడి కళ్ళు చెదురుతాయి. మనం వేసేది రేకులు కదా, మనకి పనికిరాదు, ఊరికే చెప్పాను.

పని మొదలుపెట్టావా? ఎవరు మేస్త్రీ? గట్టివాడేనా? పని సగంలో వదిలేసి వెళ్ళే రకమైతే ఇప్పుడే మార్చెయ్యి.

నీ
అయూబ్

*

చీరాల,
19 మే

ప్రియమైన మీకు,

ఆలస్యమైంది. కోపమొద్దు. పని మొదలైంది.

ఉత్తరం కిటికీకి అడ్డమున్నవన్నీ తీయించాను. రెక్కలు బిగుసుకుపోతే కొబ్బరినూనె పోసి లాగాం, ఒక దెబ్బకి ఊడొచ్చాయి. ఎదురుగోడకి సున్నం నేనే వేశాను. పసుపు రంగు మీరన్నంత కలిపితే సరిపోలేదు, ఇంకాస్త వేశాను. ఇప్పుడు ఆ గోడ పక్కన నిలబడితే ఎవరైనా అప్పుడే తలంటు పోసుకుని వచ్చినట్టుంటారు.

గాజు పెంకు కూడా పెట్టించాను. ఉత్తరం వాలులోనే. మధ్యాహ్నం నేల మీద జల్లెడంత వెలుగు పడుతుంది. అది మెల్లగా జరుగుతూ ఉంటే చూస్తూ కూర్చోవచ్చు.

వసారాలో పందిరి వేశారు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళు ఇదివరకటిలా తడుముకోవడం లేదు.

కరెంటు పని ఇంకా ఏమీ లేదు. దాని గురించి అడగొద్దు.

ఈ మధ్య నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పనిలో ఉంటే ఇంటికెళ్ళాలనిపిస్తుంది, ఇంటికొస్తే మళ్ళీ బయటపడాలనిపిస్తుంది. మీ జబ్బే నాకూ అంటినట్టుంది.

మీ
షాజాదీ

*

గుంటూరు జైలు,
8 జూన్

ప్రియమైన షాజాదీకి,

జల్లెడంత వెలుగు అన్నావు చూడు, అది చదివి పక్కనున్న హయాత్‌కి కూడా వినిపించాను. అతను చిలకలూరిపేట మనిషి, లారీ డ్రైవరు. "మీ ఆవిడ చేత నాకో ఇల్లు కట్టించు భాయ్" అన్నాడు. ఆ పూట హాయిగా గడిచింది.

మర్నాడు పొద్దున్నే లేచి కూర్చున్నాను. షాజాదీ, మనది రేకుల ఇల్లు. గాజు పెంకు ఎక్కడ పెట్టావు?

ఇంకా ఉంది. గోడలు నడుమెత్తే ఉన్నాయన్నావు. రెణ్ణెల్లలో కప్పు ఎప్పుడు పడింది? కిటికీ రెక్కలు బిగుసుకుపోయాయన్నావు. కొత్త కిటికీ రెక్కలు బిగుసుకోవు. "గుమ్మంలోకి వచ్చినవాళ్ళు ఇదివరకటిలా" అన్నావు. ఇదివరకు అక్కడికి వచ్చిందెవరు, మేకలు తప్ప?

స్థలం అమ్మేశావా? అమ్మితే అమ్మావు, చెప్పు. వేరే ఇంట్లో ఉంటున్నావా? ఎవరి ఇల్లది? అడగకూడనిది అడుగుతున్నానేమో. ఇక్కడ మనిషి బుర్ర మంచి వైపు తిరగదు.

నిన్న బ్యారక్‌లో ఫ్యాను ఆగిపోయింది. "నువ్వు కరెంటు పనివాడివే కదా, చూడు" అన్నారు. స్టూలు ఎక్కాను. మెయిను స్విచ్చు తీసేశామన్నారు. అయినా తీగ మీదకి చెయ్యి పోలేదు. అందరూ చూస్తుండగానే కిందకి దిగిపోయాను.

వెంటనే జవాబు రాయి.

నీ
అయూబ్

*

గుంటూరు జైలు,
2 ఆగస్టు

షాజాదీకి,

ఎనిమిది వారాలు. ములాఖత్‌కి రాలేదు, ఉత్తరమూ లేదు. హయాత్ విడుదలై వెళ్ళిపోయాడు. అడగడానికి కూడా ఎవరూ లేరు.

కిటికీల గురించి ఇంక రాయను. ఆ ఇల్లు ఎవరిదో ఒక్క మాట రాయి. ఎవరిదైనా సరే.

అయూబ్

*

చీరాల,
15 సెప్టెంబరు

ప్రియమైన మీకు,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది, దీన్ని చింపను.

ఆ ఇల్లు రోశయ్యగారిది.

కూర్చుని చదవండి. మీరు జైలుకెళ్ళిన నెలకి నేను వాళ్ళింటికి వెళ్ళాను. తప్పు మాదేనని చెప్పి ఒక నమస్కారం పెట్టి వచ్చేద్దామని. మొదటిసారి తలుపు తియ్యలేదు. రెండోసారి వాళ్ళమ్మాయి కోటేశ్వరి తీసింది, నేనెవరో తెలిసి వేసేసింది. మూడోసారి రోశయ్యగారు అరుగు మీదే ఉన్నారు. "ఎండలో నిలబడకు అమ్మాయ్, లోపలికి రా" అన్నారు.

లోపలికి అడుగుపెడితే నాకేమీ కనపడలేదు. తడుముకుంటూ వెళ్ళి ఆ పెద్దాయన కాలే తొక్కాను. మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు! పిన్ని పోయిన రోజే స్తంభం దగ్గర వైరు కోయించేశారట. బోర్డుల మీద పాత పంచె గుడ్డలు కట్టారు. అప్పటినుంచి ఆ ఇంట్లో స్విచ్చు ముట్టినవాళ్ళు లేరు. పిన్ని బట్టలు సర్దిన పెట్టెలు ఉత్తరం కిటికీకి అడ్డం పేర్చి ఉన్నాయి, వాటిని కదిలించే ధైర్యం ఎవరికీ లేదు. కోటేశ్వరి భర్తతో పడక పుట్టింట్లోనే ఉంటోంది, మగ్గం మీదే ఇద్దరి తిండి. తలుపులోంచి పొద్దున వెలుగొచ్చినంతసేపే నేత. చీర నేసే పిల్ల, పోగు తెగితే వేలితో వెతుక్కుంటోంది.

అది చూసొచ్చి మీకు రాశాను, కరెంటు లేకుండా వెలుతురు ఎలా అని. మీ మీద నమ్మకం లేక కాదు.

మీ జవాబు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. చదివి వినిపించాను. "ఎవరు రాసిందిది?" అంది కోటేశ్వరి. అబద్ధం చెప్పలేకపోయాను.

"మా ఆయన."

"ఆయన చెప్పింది విని మా ఇంట్లో మళ్ళీ పని చేయించుకోవాలా? ఒకసారి చేయించుకున్నది చాలలేదా?" అని గట్టిగా అరిచింది. వీధిలో జనం ఆగి చూశారు. నేను లేచాను. అప్పుడు రోశయ్యగారు అన్నారు, "కోటీ, కిటికీ తీస్తే ఎవరికీ షాకు కొట్టదమ్మా. తియ్యనీ."

పెట్టెలు మేమిద్దరమే దింపాం. పై పెట్టెలో పిన్ని చీరలున్నాయి. కోటేశ్వరి ఒక చీర తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను కిటికీ తీశాను. ఆ పిల్ల ముఖం నేను సరిగా చూసింది అప్పుడే. ఇరవై ఎనిమిదేళ్ళకి కళ్ళ చుట్టూ ముడతలు.

ఇప్పుడు సాయంత్రం దాకా నేస్తోంది. నాతో పెద్దగా మాట్లాడదు. వెళ్తే పీట వేస్తుంది. అంతే.

మీకు చెబితే అక్కడ మీకు నిద్ర పట్టదు, చెప్పకపోతే నాకు పట్టదు. నా నిద్రే పోనీలెమ్మనుకున్నాను. కానీ మీరు అడిగిన తీరు చూశాక దాచడం తప్పనిపించింది. ఎవరి ఇల్లని అడిగారు కదా? కోపమొచ్చింది, అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. ఇప్పుడు తగ్గింది.

మన స్థలం అలాగే ఉంది. మీరొచ్చేసరికి మనకి ఇల్లుండదు, ఈ అద్దె గదే.

మీ
షాజాదీ

*

గుంటూరు జైలు,
6 అక్టోబరు

ప్రియమైన షాజాదీకి,

నిన్ను అలా అడిగినందుకు నా ముఖం నేను చూసుకోలేకపోతున్నాను. మన్నించు.

కానీ నాతో ఒక్క మాట అనకుండా నా ఉత్తరాన్ని ఆ ఇంట్లో చదివావు. నేను మన ఇంటి కోసం కన్న కలని తీసుకెళ్ళి అక్కడ పెట్టావు. మంచిపనే. మంచిపని అని తెలిసి కూడా నాకు కోపమొస్తోంది. ఎందుకో అర్థం కావడం లేదు.

వచ్చాక ఆ వీధి వైపు నన్ను తీసుకెళ్ళకు. ఆ గుమ్మం నేను తొక్కలేను.

నీ
అయూబ్

*

పొన్నూరు,
20 ఫిబ్రవరి 2025

ప్రియమైన మీకు,

చెల్లెలు సమీరాకి నెలలు నిండాయి. అమ్మ ఒక్కతే చేసుకోలేదని పొన్నూరు వచ్చాను. మార్చి నాలుగున మిమ్మల్ని వదులుతారని జైలు నుంచి కబురొచ్చింది. ఆ రోజుకి నేను రాలేను. తాళంచెవి ఫర్హానా దగ్గరుంది. బియ్యం, పప్పు డబ్బాల్లో ఉన్నాయి.

రోశయ్యగారికి మీరొస్తున్నట్టు చెప్పాను. తల ఊపారు. కోటేశ్వరి మాత్రం, "ఆయన్ని ఒక మాట అడగాలి" అంది. ఏమిటని నేనడగలేదు, అది నన్ను అడిగేది కాదు.

వెళ్తారో మానతారో మీ ఇష్టం. నేను కావాలనే పక్కన ఉండటం లేదనుకోండి. నేనుంటే వాళ్ళు నాతో మాట్లాడతారు.

మీ
షాజాదీ

*

చీరాల,
6 మార్చి 2025

ప్రియమైన షాజాదీకి,

సమీరాకి ఆడపిల్ల పుట్టిందని ఫర్హానా చెప్పింది. అల్లా చల్లగా చూడాలి. ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను. ఇది గొంతుతో చెప్పలేను. ఏడాదిగా కాగితం మీదే మాట్లాడుకున్నాం, ఇదీ కాగితం మీదే కానివ్వు.

వచ్చిన రోజు ఇల్లు కదల్లేదు. రెండో రోజు బజారు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఈరోజు పొద్దున తొమ్మిదింటికి మగ్గాల వీధిలోకి వెళ్ళాను. మూడుసార్లు ఆ గుమ్మం దాటి ముందుకెళ్ళి వెనక్కొచ్చాను. నాలుగోసారి పందిరి కింద నిలబడ్డాను.

మగ్గం గుంటలో కూర్చుని కోటేశ్వరి నేస్తోంది. తలెత్తింది. ఎడమ పక్కనుంచి కిటికీ వెలుగు. నేనెవరో తెలిసిన క్షణం ఆ ముఖంలో ఏమేం కదిలిందో అంతా కనపడింది. దాక్కోవడానికి నాకెక్కడా చీకటి లేదు.

"రా అయూబూ" అన్నారు రోశయ్యగారు. చాలా తగ్గిపోయారు. కుర్చీ చూపించారు, నేను కూర్చోలేదు. "బాబాయ్" అన్నాను.

కోటేశ్వరి మగ్గం ఆపింది. "ఒక్కటే అడుగుతాను. వచ్చేవారం వస్తానన్నావు. మా అమ్మ రోజూ నీ కోసం చూసింది. ఎందుకు రాలేదు?"

కోర్టులో ఎవరూ ఇలా అడగలేదు షాజాదీ. వచ్చావా లేదా అనే అడిగారు.

మర్చిపోయానని నోటిదాకా వచ్చింది. నీకు చెప్పిందీ అదే, లాయరు చెప్పమన్నదీ అదే. చెప్పి చెప్పి నేనే నమ్మేశాను. ఆ వెలుగులో ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తుంటే అది నోట్లోంచి రాలేదు.

"మర్చిపోలేదమ్మా" అన్నాను. "ఆ వారంలో రెండుసార్లు మీ వీధి మీదుగానే వెళ్ళాను. గునపం బండి మీదే ఉంది. కల్యాణమండపానికి దీపాలు కట్టే పని ఒప్పుకున్నాను. దీపాలు కడితే ఊరంతా చూస్తుంది. గుంట తవ్వితే ఎవరూ చూడరు, మట్టిపని. విసుగనిపించింది. రేపు చేద్దాంలే అనుకున్నాను. రెండుసార్లూ అదే అనుకున్నాను."

రోశయ్యగారు కళ్ళు మూసుకున్నారు. కోటేశ్వరి ఏడవలేదు, అరవలేదు. "మర్చిపోయావంటే ఏం చెయ్యాలో తెలిసేది కాదు, ఎవరిని తిట్టాలో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. నేను నిన్ను క్షమించను" అంది.

"క్షమించొద్దు" అన్నాను. "ఎప్పటికైనా ఈ ఇంటికి కరెంటు కావాలనుకుంటే తీగ నేను ముట్టుకోను, లైసెన్సున్న మనిషిని మీరే పిలుచుకోండి. ఎర్తు గుంట మాత్రం నన్ను తవ్వనివ్వండి. రేపు పొద్దున్నే వచ్చి..."

"ఆ మాట ఈ ఇంట్లో అనకు" అంది. "గునపం పెరట్లో ఉంది."

చొక్కా విప్పి తవ్వాను. పైన ఇసుక, కింద బంక. పన్నెండింటికి నడుమెత్తు దిగాను. లోపల మగ్గం చప్పుడు వినపడుతూనే ఉంది. నేను ఊపిరి కోసం ఆగితే అదీ ఆగేది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ మొదలయ్యేది. రోశయ్యగారు గోడ పట్టుకుని వచ్చి చెంబుతో నీళ్ళిచ్చారు. "గుంటలోకి పైపూ, బొగ్గూ, ఉప్పూ తెప్పిస్తానురా" అన్నారు. అలా చివర 'రా' కలిపి ఆయన నాతో మాట్లాడి మూడేళ్ళయింది.

నీతో కూడా మూడేళ్ళుగా అబద్ధమే చెప్పాను. అందుకే ఈ రోజే నీకు రాస్తున్నాను. ఇది చదివి ఎప్పుడొస్తావో, అసలు వస్తావో, నువ్వే చెప్పు. ఫర్హానాకి ఫోన్ చేసినా చాలు, నేను ఇంట్లోనే ఉంటాను.

భుజాల లోతు వచ్చాక, "సరిపోతుందా?" అని అడిగారు రోశయ్యగారు. సరిపోతుందన్నాను.

కోటేశ్వరి బయటికొచ్చింది. గుంట అంచున నిలబడి వంగి లోపలికి చూసింది.

"ఇంకో అడుగు తియ్యి" అంది.

తీశాను.

నీ
అయూబ్